గోల్‌పోస్ట్ ఎక్కిన ఫొటో ఒక్కటే శ్రీజేష్ కాదు

సంపాదకుల గారికి నమస్కారం.

హాకీ గోల్‌కీపర్ శ్రీజేష్ గురించి ఎప్పుడు రాసినా పత్రికలన్నీ ఒకే ఫొటో వేస్తాయి, టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాక గోల్‌పోస్ట్ పైకెక్కి కూర్చున్నది. ఆ ఫొటో నాకూ ఇష్టమే. కానీ అంతకుముందు గడిచిన పదిహేనేళ్ల మాటేమిటి?

కేరళ రైతు కుటుంబం వాళ్లది. తిరువనంతపురం జీవీ రాజా స్పోర్ట్స్ స్కూల్లో చేరేనాటికి అతనికి హాకీ తెలియదు, పరుగు, లాంగ్‌జంప్, వాలీబాల్ ఇవే. కోచ్ చెబితే గోల్‌కీపింగ్‌కి వచ్చాడు, కిట్ కోసం తండ్రి ఆవును అమ్మేశారు. 2006లో సీనియర్ జట్టులోకి వచ్చాడు సరే, ఆ తర్వాత ఏళ్ల తరబడి గోల్‌కీపర్లుగా అడ్రియన్ డిసౌజా, భరత్ ఛెత్రి ఆడుతుంటే తన వంతు కోసం ఎదురుచూడటమే. ఫార్వర్డ్ అయితే మ్యాచ్ మధ్యలో ఎన్నిసార్లయినా లోపలికి పంపిస్తారు, గోల్‌కీపర్‌కి ఆ అదృష్టం ఉండదు, ఉన్నది ఒక్క చోటే కదా! 2008లో మన జట్టు ఒలింపిక్స్‌కి అర్హతే సాధించలేదు. 2012 లండన్‌లో అన్ని మ్యాచ్‌లూ ఓడి 12వ స్థానం, అంటే చిట్టచివర. ఆ జట్టులో శ్రీజేష్ ఉన్నాడని ఎంతమందికి గుర్తుంది?

2014 ఇంచియాన్ ఏషియాడ్ (ఆసియా క్రీడలు) ఫైనల్లో పాకిస్థాన్‌తో స్కోరు సమమయ్యాక జరిగిన షూటౌట్‌లో వాళ్ల రెండు ప్రయత్నాలు ఆపాక గానీ దేశం అతని వైపు చూడలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో కెప్టెన్ అయ్యాడు, 2017లో మోకాలి గాయంతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు, మళ్లీ వచ్చాడు.

టోక్యోలో జర్మనీపై 5-4తో ముందున్నాం, ఇంకా 6.8 సెకన్లుండగా వాళ్లకి పెనాల్టీ కార్నర్, అంటే గోల్ కొట్టడానికి మంచి అవకాశం. గోల్‌లైన్ దగ్గర గోల్‌కీపర్‌తో కలిపి మనవాళ్లు ఐదుగురే, అవతల గంటకు వంద కిలోమీటర్లు దాటే వేగంతో కొట్టేవాళ్లు. టీవీ ముందు మనకే అంత టెన్షన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అయితే బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో 17వ నిమిషంలోనే అమిత్ రోహిదాస్‌కి రెడ్‌కార్డ్, పెనాల్టీ కార్నర్లకి ముందుకు పరిగెత్తి అడ్డుపడేది ఎక్కువగా అతనే, పదిమందితో 1-1 వరకూ లాక్కొచ్చి షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఆ రోజు శ్రీజేష్ ఆట గురించి పేజీలకి పేజీలు రాసినా తక్కువేనని నా అభిప్రాయం.

రిటైరయ్యేనాటికి 336 మ్యాచ్‌లు ఆడాడు. సీనియర్ జట్టులో 16వ నంబర్ జెర్సీ ఇక ఎవరికీ ఇవ్వబోమన్నారు, చాలా సంతోషం.

నా విన్నపం ఒక్కటే. శ్రీజేష్ ఉన్నన్నాళ్లూ మరో గోల్‌కీపర్ కృషన్ పాఠక్ కూడా అచ్చం ఇలాగే ఎదురుచూశాడు, పారిస్‌కి రిజర్వ్‌గా వెళ్లాడు. పతకం వచ్చేదాకా ఆగకుండా అతని గురించి మీ స్పోర్ట్స్ పేజీలో ఇప్పుడే రాయండి, ఫొటో కూడా కాస్త పెద్దదే వేయండి.

ఇట్లు,
ఒక హాకీ అభిమాని