డిసెంబరు క్యాంపు వద్దు బుజ్జీ

తెనాలి

చి.ల.సౌ. బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. నాన్నగారి మోకాలు మామూలే. సైకిల్ మానమంటే మానరు.

మొన్న వీడియో కాల్‌లో నీ స్నేహితులంతా ఒకేసారి మాట్లాడేసరికి ఏం చెప్పాలో తోచక అన్నిటికీ సరే సరే అన్నాను. అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. అందరూ కలిసి డబ్బు పోగుచేశారు, డిసెంబరు సెలవుల్లో అమెరికా నుంచి వచ్చి మన ఊళ్లో మెగా హెల్త్ క్యాంపు పెడదామంటున్నారు. చాలా సంతోషం. కానీ నన్నడిగితే క్యాంపు వద్దంటాను. డబ్బు వద్దనడం లేదులే, కంగారు పడకు.

ముందు డిసెంబరు సంగతి. మన డెల్టాలో కోతలెప్పుడో మర్చిపోయావా? వరికోతలు, నూర్పిళ్లు అన్నీ ఆ రోజుల్లోనే. కూలి దొరికే నాలుగు రోజులూ వదులుకుని బీపీ చూపించుకోడానికి ఎవరొస్తారు? వచ్చేది మాలాంటి పెన్షన్ వాళ్లం. మేము ఎలాగూ నెలనెలా చూపించుకుంటూనే ఉంటాం. షామియానా నిండా జనం ఉంటారు, ఫోటోలు బాగా వస్తాయి, చూడాల్సిన వాళ్లు మాత్రం పొలంలో ఉంటారు.

ఇక రెండోది, నాకు అసలు బాధ ఇదే. నర్సుగా ఉన్న రోజుల్లో క్యాంపు డ్యూటీ వేస్తే వెళ్లేదాన్ని. ఒకచోట ఒక పెద్దావిడకు బీపీ 200 దాటి ఉంది. డాక్టరుగారు పదిరోజులకు మాత్రలిచ్చి, అయ్యాక మళ్లీ చూపించుకోమన్నారు. ఎవరికి చూపించుకోవాలి? సాయంత్రానికే టెంటు విప్పేశారు. మాత్రలు అయిపోయాక "తల తిరగడం లేదు, తగ్గిపోయింది" అనుకుని ఊరుకుంది. తర్వాతి ఏడు పక్షవాతంతో మా వార్డులోనే చేరింది. నన్ను గుర్తుపట్టింది కానీ మాట రాలేదు.

బీపీ, షుగర్ చాలామందికి జీవితాంతం మందులు వాడాల్సిన జబ్బులు. వాటికి ఒక్కరోజు క్యాంపు ఏం చేస్తుంది? నీకు జబ్బుందని చెప్పి వెళ్లిపోతుంది. అయినా ఆ మాత్రలకు ఇక్కడ కొదవ లేదమ్మా. బీపీకి అమ్లోడిపిన్, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ లాంటివి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇస్తారు, 104 బండి ఊళ్లోకే వస్తుంది. "ఈ నెల తెచ్చుకున్నావా వదినా? నిన్న వేసుకున్నావా?" అని గుమ్మంలో నిలబడి అడిగే మనిషే కావాలి. ఆశా కార్యకర్తలు అడుగుతారు కానీ వాళ్ల నెత్తిన ఇప్పటికే వంద పనులున్నాయి.

కంటి శుక్లం అయితే వేరు. లెన్సు ఒకసారి వేస్తే ఆ శుక్లం మళ్లీ రాదు. అందుకే మన ఊరి కమిటీ కంటి ఆపరేషన్ల పని పట్టుకుంది. మా చిన్నప్పుడు బడి గదుల్లోనే ఆపరేషన్లు చేసి, సోడాబుడ్డి అద్దాలిచ్చి పంపేవాళ్లు. ఇప్పుడు ఊళ్లో కళ్లు పరీక్ష చేయడం వరకే, ఆపరేషన్ ఆసుపత్రిలోనే. పెదకాకాని శంకర కంటి ఆసుపత్రి బస్సు వచ్చి ఎక్కించుకుపోతుంది, ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఊళ్లో దింపుతుంది. డబ్బు పెట్టుకోగలిగిన వాళ్ల దగ్గర వచ్చినదాంతో లేనివాళ్లకు ఉచితంగా చేస్తారు.

అన్నీ వాళ్లే చేస్తే మీ కమిటీ పనేంటి అంటావేమో. బస్సు నింపడం మా పని. అది ఎంత కష్టమో నీకు తెలియదు. ఒకాయన "ఇంకా ముదరలేదు" అంటాడు. ఈ రోజుల్లో ముదిరేదాకా ఆగనక్కర్లేదని చెప్పినా నమ్మడు. ఇంకొకాయన ఎండాకాలం చేయించుకుంటే చీము పడుతుందంటాడు. ఆడవాళ్లతో అయితే మరీ తంటా. "నేను పోతే ఎవరు వండుతారు?" ఇదొక్కటే మాట. కొందరు మగవాళ్లయితే పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చుంటారు. ఆడవాళ్ల విషయంలో కోడళ్లతో, కొడుకులతో మాట్లాడి, రెండు రోజుల వంటకు పక్కింటి వాళ్లను ఒప్పించి బస్సెక్కించాలి. పైగా షుగర్ ఎక్కువుంటే అక్కడిదాకా వెళ్లినా ఆపరేషన్ వాయిదా వేసి వెనక్కి పంపుతారు. అందుకని నేనే ముందు వారం ఇంటింటికీ వెళ్లి చూసి వస్తాను. తిరిగొచ్చాక నెలకు పైగా చుక్కలు వేయాలి. చదువు రానివాళ్లకు సీసాల మీద రంగు కాగితాలు అతికించి, ఏ రంగుది ఎప్పుడు వేయాలో చెప్తాను. వీటన్నిటికీ ఆటో ఖర్చులే అవుతాయి, అవి ఎవరూ విరాళం ఇవ్వరు. బస్సు మీద పేరు రాయిస్తామంటే ఇస్తారు!

మీ ఫ్రెండొకతను అక్కడ వాడేసిన కళ్లద్దాలు పోగుచేసి పంపుతానన్నాడు. వద్దని మెల్లగా చెప్పు, అబ్బాయి మనసు నొచ్చుకోకుండా. ఒకరి పవరు మరొకరికి సరిపోదు. వాటిని ఏరి, కడిగి, పవరు చూసి సర్దే ఖర్చుకు ఇక్కడ కొత్తవే వస్తాయి. నలభై దాటాక దగ్గరివి ఆనకపోవడం ఎంతమందికి లేదు? మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లకు, బట్టలు కుట్టేవాళ్లకు ఒక జత రీడింగ్ అద్దాలిస్తే మర్నాటి నుంచి పని సాగుతుంది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లది ఇదే పద్ధతి. సినిమాల ఎల్వీ ప్రసాద్‌గారు స్థలం, డబ్బు ఇస్తే 1987లో హైదరాబాద్‌లో మొదలైంది. అక్కడితో ఆగకుండా 1996లో ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో పల్లె ఆసుపత్రి పెట్టారు, ఆ తర్వాత ఊళ్లల్లోనే కళ్లు చూసి అద్దాలిచ్చే చిన్న చిన్న విజన్ సెంటర్లు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకే ఏడాది ట్రైనింగ్ ఇచ్చి అందులో కూర్చోబెడతారు. ఆ పిల్ల రేపూ ఉంటుంది, వచ్చే నెలా ఉంటుంది.

డయాలసిస్ మిషన్ కొనిస్తామన్న మాటకు కూడా ఇప్పుడే తొందరపడొద్దు. మిషన్ ఒక్కటి సరిపోదు. శుద్ధి చేసిన నీటికి ప్లాంటు కావాలి, నడిపే టెక్నీషియన్ కావాలి, ఒక్కో పేషెంటుకు వారానికి రెండు మూడుసార్లు సరంజామా కావాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో జింకానా డాక్టర్లు, అంటే గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో ఉంటున్నవాళ్లు, కట్టించిన భవనం, నాట్కో మందుల కంపెనీ ట్రస్టు వాళ్ల క్యాన్సర్ బ్లాకు నిలబడ్డాయంటే, లోపల పనిచేసే స్టాఫును ప్రభుత్వం పెట్టబట్టి. మీరిచ్చే మిషన్‌కు ఆ హామీ ఎవరిస్తారో ముందు కనుక్కోండి.

డబ్బు పంపేటప్పుడు ఒక సంగతి. మా ఆడిటరుగారు చెబితే తెలిసింది. నీకింకా ఇండియా పాస్‌పోర్టే కదా, నీ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అల్లుడుగారు అమెరికా సిటిజన్‌షిప్ తీసుకున్నారు, ఓసీఐ కార్డున్నా ఆయన పంపేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉన్న సంస్థలే అది తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు ఖాతాలోనే. 2020లో చట్టం మార్చాక, అలా తీసుకున్న సంస్థ దాన్ని మనలాంటి ఇంకో కమిటీకి ఇవ్వడానికీ లేదు. ఒకే ఇంట్లో మొగుడూపెళ్లాల డబ్బుకు రెండు చట్టాలు, ఏం చేస్తాం! మన కమిటీకి ఆ అనుమతి లేదు. కాబట్టి అల్లుడుగారి లాంటి వాళ్లవి అనుమతి ఉన్న ఏదైనా కంటి ఆసుపత్రికి నేరుగా పంపండి, ఆపరేషన్ల ఖర్చుకు. నీలాంటి వాళ్లవి మాకు పంపండి.

మాకు పంపింది దేనికంటే, ఇద్దరు ఆడపిల్లల జీతానికి. ఇంటర్ చదివి ఊళ్లోనే ఉన్నవాళ్లు. బీపీ చూడడం, షుగర్ చూడడం, రిజిస్టర్ రాయడం నేను నేర్పిస్తాను. మాత్ర మార్చడం, డోసు పెంచడం డాక్టరుగారి పనే, వీళ్లు ఇంటింటికీ తిరిగి మానేసిన వాళ్లను పట్టుకొస్తారు. మూడేళ్లు ఇస్తామంటేనే మొదలుపెడతాను. ఏడాది ఇచ్చి ఆపేస్తే ఆ పిల్లలు మళ్లీ కూలికి పోవాలి, నేను ఊళ్లో తలెత్తుకోలేను. ఇందులో రిబ్బను కత్తిరించేది ఏమీ ఉండదు, అది మీవాళ్లకు ముందే చెప్పు.

డిసెంబరులో మాత్రం తప్పకుండా రండి. పిల్లల్ని చూసి రెండేళ్లు దాటింది. ఆదివారం సాయంత్రం కమిటీ కూర్చుంటుంది, ఆలోపల ఫోన్ చెయ్యి. మాకు రాత్రి పదకొండింటికి చేసి నాన్నగారికి టెన్షన్ పెట్టకు, మాకు పగలున్నప్పుడు చెయ్యి. పక్కవీధి పిన్నిగారి అబ్బాయి వచ్చే నెల డల్లాస్ వస్తున్నాడు, గోంగూర పచ్చడి పంపిస్తున్నాను. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
అమ్మ