వెనక బ్రేకు పట్టేస్తే కేబుల్ వదులు చేయడం మరమ్మతు కాదు

సంపాదకులకు,

నమస్కారం. వానలు మొదలయ్యాయంటే కోస్తా ఊళ్ళలో చిన్న కార్ల వెనక బ్రేకులు పట్టేయడం మామూలే. బండి న్యూట్రల్‌లో దొర్లదు, మైలేజీ పడిపోతుంది, కొంత దూరం వెళ్ళి ఆపితే వెనక చక్రం దగ్గర మాడు వాసన వస్తుంది. ఈ ఫిర్యాదుతో వెళ్ళినవారికి చాలా వర్క్‌షాపుల్లో జరిగేది ఒక్కటే: వెనక బ్రేకును కప్పి చక్రంతో పాటు తిరిగే డ్రమ్మును విప్పకుండా, హ్యాండ్ బ్రేక్ కేబుల్ నట్టును నాలుగు చుట్లు వదులు చేసి, 'సరిపోయింది సార్' అని పంపించేస్తారు. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ బోధించి పదవీ విరమణ చేసిన నాకు, ఈ అలవాటు ఎంత ప్రమాదకరమో పాఠకులకు చెప్పవలసిన బాధ్యత ఉందనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

మా వీధిలోని ఒక కుటుంబం కారుకు ఇలాగే చేశారు. రోడ్డు మీద బండి తేలికగానే నడిచింది. ఆ తర్వాత ఒకరోజు ఇంటి ముందు ర్యాంపు మీద హ్యాండ్ బ్రేకు పూర్తిగా పైకి లాగి దిగితే కారు వెనక్కి జారింది. ఆ సమయానికి వెనక పిల్లలెవరూ లేకపోవడం వారి అదృష్టం. నేను దగ్గరుండి డ్రమ్ము విప్పించాను. కేబుల్ తొడుగు చక్రం దగ్గర చిట్లి, నీరు లోపలికి దిగి, తీగ ఎర్రగా తుప్పు పట్టి ఉంది. లాగితే వస్తోంది గానీ, వదిలితే వెనక్కి పోవడం లేదు. డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి ఆపే బ్రేకు షూను నెట్టే లివరు మొదట్లో సగం లేచినచోటే ఆగిపోయేది కాబట్టి, షూ మీది రాపిడి పొర అయిన లైనరు అప్పటికే కాలి గాజులా నిగనిగలాడుతోంది. నట్టు వదులు చేశాక తీగ కొద్దిగానే కదులుతోంది గనుక బ్రేకు పట్టేయడం తగ్గింది; సరిగ్గా అందుకే హ్యాండ్ బ్రేకు పనిచేయడమూ మానింది. కొత్త కేబుల్‌తో పోవలసిన దానికి షూల జత ఖర్చు కూడా తోడైంది.

నిజానికి లోపం ఎక్కడుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు, వరుస తప్పకూడదు అంతే. చదునైన నేల మీద ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టి, వెనక భాగాన్ని జాకీతో లేపి, తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలపాలి. హ్యాండ్ బ్రేకు దించి, రెండు చక్రాలనూ చేత్తో తిప్పి పోల్చాలి. షూ లీలగా రాసుకున్న చప్పుడు వస్తే దోషం కాదు. చేత్తో తిప్పితే ఒక చుట్టు కూడా తిరగకుండా ఆగితే దోషమే. అప్పుడు కేబుల్ నట్టును పరీక్ష కోసం వదులు చేయవచ్చు. చక్రం తేలికైతే తప్పు కేబుల్‌లోనో, దాన్ని అతిగా బిగించడంలోనో ఉంది. తేలిక కాకపోతే, ఆ చక్రం దగ్గర బ్రేక్ ఆయిల్‌ను బయటికి వదిలే చిన్న మరను, అంటే బ్లీడర్ నిపుల్‌ను, కొద్దిగా తెరవాలి. బ్రేక్ ఆయిల్ చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి లోపల చిక్కుకుపోయిందని అర్థం: ఆయిల్ తెచ్చే రబ్బరు హోసు లోపల ఉబ్బి దారి మూసేసి ఉండవచ్చు, నాలుగు చక్రాలూ పట్టేస్తుంటే, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండరును అనుమానించాలి. నిపుల్ తెరిచినా చక్రం కదలకపోతే ఇక డ్రమ్ము లోపలే చూడాలి: ఆయిల్ ఒత్తిడితో షూలను నెట్టే వీల్ సిలిండర్ పిస్టన్ బిగిసిపోవడం, షూలను వెనక్కి లాగే స్ప్రింగులు సాగిపోవడం, షూల సందు సరిచేసే అడ్జస్టర్ తుప్పు పట్టడం, షూ కదిలే ప్లేటు మీద గాడి పడటం. ఏది సరిచేసినా ముందు షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచూసి, కేబుల్‌ను అన్నిటికన్నా చివర బిగించాలి. చాలామంది దీన్నే తలకిందులుగా చేస్తారు.

మరొక అలవాటు నన్ను మరింత బాధపెడుతుంది. వీల్ సిలిండర్‌లో ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు కప్పులను కిరోసిన్‌తోనో డీజిల్‌తోనో కడుగుతారు. పెట్రోలియం నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది, ఉబ్బిన కప్పు పిస్టన్‌ను వెనక్కి పోనివ్వదు. అంటే బ్రేకు పట్టేస్తోందని బండి తెచ్చినవారికి మళ్ళీ అదే జబ్బును అంటించి పంపుతున్నారన్నమాట. కడగడానికి శుభ్రమైన బ్రేక్ ఆయిల్ చాలు. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేక్ ఆయిల్‌కు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్‌గా ఉండే మరుగు స్థానం, తేమ చేరాక 140 డిగ్రీల వరకూ దిగిపోవచ్చు. పట్టేసిన బ్రేకు వేడికి ఆయిల్ మరిగితే, తొక్కిన పెడల్ మెత్తగా కిందికి పోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చాలి. డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదడమూ మానాలి. పాత లైనర్లలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు.

రోజుల తరబడి బండి నిలిపి ఉంచేవారు హ్యాండ్ బ్రేకు వేయకుండా, మొదటి గేరులో ఉంచి చక్రాల కింద దిమ్మలు పెడితే షూలు డ్రమ్ముకు అంటుకోవు. అప్పటికే అంటుకుంటే యాక్సిలరేటర్ తొక్కి లాగవద్దు, లైనరు షూ నుంచి ఊడిపోతుంది. వేడెక్కిన డ్రమ్ము మీద నీళ్ళు పోయవద్దు, పగులుతుంది.

మన దేశంలో సొంత కారుకు 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ ముగిసి, దాన్ని పొడిగించుకునేటప్పుడే రవాణా శాఖ ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. అప్పటిదాకా బ్రేకుల మంచిచెడ్డలు యజమానీ మెకానిక్కూ చూసుకోవలసిందే. కాబట్టి వర్క్‌షాపుల వారిని నేను కోరేది ఇది: బ్రేకు పట్టేస్తోందని వచ్చిన ప్రతి బండికీ డ్రమ్ము విప్పి చూడండి, మార్చిన పాత భాగాన్ని యజమాని చేతికివ్వండి, బ్రేకు ఎందుకు పట్టేసిందో బిల్లు మీద ఒక్క వాక్యంలో రాయండి. యజమానులు కూడా ఆ వాక్యం లేని బిల్లుకు డబ్బు చెల్లించవద్దు.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు,
కాకినాడ