తెలిసినవాళ్ల పేరుతోనే వస్తున్నాయి

సంపాదకులకు,

కిందటి వారం మీ జిల్లా పేజీలో సైబర్ అవగాహన సదస్సు వార్త చదివాను. అపరిచితుల నుంచి వచ్చే మెయిళ్లు తెరవొద్దని అధికారులు ఉద్బోధించారట. సంతోషం. పరిచితుల నుంచి వచ్చేవాటిని ఏం చేయాలో కూడా సెలవిస్తే బాగుండేది.

మా విశ్రాంత ఉద్యోగుల మెయిల్ గ్రూపులో కొంతకాలంగా ఇదే గోల. ఎవరిదో ఒకరి ఖాతా దొంగల చేతిలో పడుతుంది. ఆయన పేరుతోనే అందరికీ ఒక లింకు వస్తుంది, పైన ‘ఇది చూడండి’ అని ఒక్క ముక్క. పంపింది సభ్యుడి చిరునామా కాబట్టి గ్రూపు అడ్డుకోదు. పెద్దాయన పంపారు కదా అని మనవాళ్లు నొక్కేస్తారు. ఎప్పుడో కాలం చేసిన మా పాత కార్యదర్శి గారి పేరుతో మొన్న బరువు తగ్గే మాత్రల ప్రకటన వచ్చింది. ఆ గ్రూపులో ఆయన భార్య కూడా ఉన్నారు.

ముసలివాళ్ల అజాగ్రత్త అని కొట్టిపారేయడం తేలికే. 2013లో జరిగిన చోరీలో వంద కోట్ల ఖాతాల వివరాలు పోయాయని 2016లో చెప్పిన మెయిల్ సేవల కంపెనీ యాహూ, మరుసటి ఏడాది ఆ లెక్కను మూడు వందల కోట్లకు పెంచింది. అంత పెద్ద కంపెనీకే తన ఇంట్లో ఏం పోయిందో తెలియడానికి నాలుగేళ్లు పట్టింది! పైగా పాస్‌వర్డ్ మార్చుకున్నంత మాత్రాన పీడ వదలదు. వచ్చే ప్రతి మెయిల్ నకలు తనకూ చేరేలా దొంగ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్ పెట్టి పోతాడు. దాన్ని వెతికి తీసేయాలనీ, పాస్‌వర్డ్‌తో పాటు మరో రుజువు కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోవాలనీ సదస్సులో ఎవరైనా చెప్పారా? మీ వార్తలో అయితే లేదు. శాలువాల ఫొటో మాత్రం రంగుల్లో వేశారు.

ఇక ఫిర్యాదు సంగతి. డబ్బు పోతే 1930 హెల్ప్‌లైన్ నంబరు ఉంది. పోకపోతే సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, అది తిరిగి తిరిగి పోలీస్ స్టేషన్‌కే చేరుతుంది. ‘డబ్బు పోలేదు కదండీ, ఎందుకు టెన్షన్?’ అన్నారు అక్కడ మాతో. మరొకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడితే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. డబ్బు పోయి తీరాలన్న షరతు అందులో ఎక్కడా లేదు. కాకపోతే దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గనివారు చేయాలి. ఆయనేమో ఎప్పుడూ బందోబస్తులోనే ఉంటారు.

అసలు మనకు నీతులు చెప్పేవారి ఆఫీసు బోర్డుల మీద ఏముందో చూడండి. చాలాచోట్ల ఉచిత వెబ్‌మెయిల్ చిరునామాలే! అధికారిక పనులకు ప్రైవేటు మెయిల్ వద్దని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. ఆ ఖాతాల పాస్‌వర్డ్ సారుకు తెలియదు, కంప్యూటర్ ఆపరేటర్‌కు తెలుసు. ఆయన మానేస్తే వెంటనే మారుస్తున్నారా? రేపు ఏ తహసీల్దారు గారి పేరుతోనో భూమి పత్రాలు పంపమని మెయిల్ వస్తే రైతు దాన్ని నమ్మాలా, వద్దా? కలెక్టర్ గారు ముందు తమ కింది ఆఫీసుల బోర్డులు మార్పించాలి.

— ఒక విశ్రాంత ఉద్యోగి, గుంటూరు జిల్లా