నాలుగోసారి కూడా కంప్లైంట్ మూసేశారు, అందుకే ఈ ఉత్తరం

కస్టమర్ కేర్‌లో పెద్ద ఎవరైతే వారికి,

నమస్కారం అండీ. మీ పేరు అడిగితే "పైవాళ్ళ వివరాలు ఇవ్వకూడదు మేడం" అన్నారు, అందుకని ఎవరి చేతిలో పడితే వాళ్ళకే అనుకుని రాస్తున్నా. నేను చెన్నై సాలిగ్రామంలో ఉంటాను, తెలుగు సీరియళ్ళకి డబ్బింగ్ చెప్తాను, మిగతా టైంలో ఇంట్లో చిన్న గదిలో ఆడియో కథలు రికార్డు చేస్తాను. ఫిబ్రవరిలో మీ దగ్గర రెండు కండెన్సర్ మైకులు, వాటి శబ్దాన్ని పెంచే రెండు చానెళ్ళ ప్రీయాంప్ పెట్టె కలిపి 52,000 పెట్టి కొన్నాను. ప్రీయాంప్‌లో రెండో చానెల్ పాడైంది. వస్తువు సంగతి ఇంతే. వస్తువన్నాక పాడవుతుంది, అది నాకూ తెలుసు. ఏడు వారాలుగా నేను చెప్పింది మీ దగ్గర ఒక్కరు కూడా చివరిదాకా వినలేదు, నా బాధ అది.

కొనేముందు మీరు ఇలా లేరు. అప్పుడు నేను షూర్ ఎస్ఎం7బీ లాంటి డైనమిక్ మైకు ఒకటి తీసుకుందాం అనుకున్నా, మా వీధిలో ఆటోల హారన్లు, పక్కింటి మిక్సీ, పొద్దున్నే గుడి మైకు, కండెన్సర్ అయితే అవన్నీ పట్టేస్తుందని భయం. మీ సలహా లైన్‌లో ఒక అబ్బాయి అరగంట మాట్లాడాడు. ఆ మైకుకి గెయిన్, అంటే శబ్దాన్ని పెంచడం, 60 డెసిబెల్స్ దాకా కావాలి మేడం, చవక ప్రీయాంప్ మీద అంత పెంచితే మాటల మధ్యలో సుయ్యిమని వినిపిస్తుంది, మీరు కథలు చదువుతారు కాబట్టి కండెన్సర్ తీసుకోండి, గదికి బొంతలు కట్టుకోండి అన్నాడు. గది ఎన్ని అడుగులు, బీరువా ఏ గోడకి ఉంది, ఫ్యాన్ ఆపుతారా లేదా, అన్నీ అడిగాడు. డబ్బులు కట్టేదాకా రోజుకి రెండు ఫోన్లు. అతను చెప్పింది నిజమే కూడా. బీరువా తలుపులు తెరిచి బొంతలు వేలాడదీసి చదివితే "శ"కీ "ష"కీ తేడా అంత స్పష్టంగా వినిపించడం నా ఇంట్లో అదే మొదటిసారి. మీ కంపెనీని నెత్తిన పెట్టుకున్నా ఆ రోజు.

ఏప్రిల్ చివర్లో మొదలైంది. నేనూ మా ఆడపడుచూ ఎదురెదురుగా కూర్చుని అత్తాకోడళ్ళ సంభాషణ చదువుతున్నాం, ఇరవై నిమిషాలయ్యాక ఆమె గొంతు కింద గరగర, తర్వాత గొంతు నలిగినట్టు, తర్వాత దాదాపు లేదు. ఫ్యాన్ ఆపుకుని చెమటలు కారుతూ చదివిన అధ్యాయం మొత్తం పోయింది. నాకు వచ్చినంతలో చూసుకున్నా. కేబుళ్ళు మార్చా. మైకులు అటుదిటు మార్చా. గరగర మైకుతో పాటు రాలేదు, కేబుల్‌తో పాటు రాలేదు, రెండో చానెల్లోనే కూర్చుంది. అంటే తప్పు ఎక్కడుందో చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. ఇదంతా మీ వాళ్ళకి మొదటి రోజే చెప్పా.

మొదటి అబ్బాయి అన్నాడు, కేబుల్ మార్చి చూడండి మేడం. మార్చాను బాబూ అన్నా. అయితే మైకు మార్చి చూడండి అన్నాడు. అదీ మార్చాను అన్నా. ఒక్క నిమిషం లైన్లో ఉండండి అన్నాడు, పదకొండు నిమిషాలు పాట విన్నాక ఫోన్ కట్. మర్నాడు ఇంకో అమ్మాయి, మొదట్నుంచీ మళ్ళీ అంతా చెప్పించుకుని, ఇది మైకుల సమస్య, మైకుల విభాగానికి చెయ్యండి అంది. మైకుల విభాగానికి చేస్తే, ఇది ప్రీయాంప్ సమస్య, ఆ విభాగానికి చెయ్యండి అన్నారు. రెండు నెంబర్లకీ అదే పాట, అదే గొంతు "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అంటుంది. పక్క పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అడుక్కోలేరా, మధ్యలో నేను మోసుకు తిరగాలా మాటలు?

తెలుగు నొక్కితే హిందీ వచ్చేది. హిందీలో నాకు వచ్చినంత చెప్పా, ఆయన వీడియో పంపమన్నాడు. పంపితే సైజు ఎక్కువైంది అన్నారు. తగ్గించి పంపా. అందులో సౌండు సరిగ్గా లేదు అని సమాధానం రాసారు. అయ్యా, సౌండు సరిగ్గా లేదనే కదా నేను పంపింది! ఆ జవాబు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. ఇంకొకాయన అయితే, "ఒకటో చానెల్ పనిచేస్తోంది కదా మేడం, ప్రస్తుతానికి అది వాడుకోండి" అన్నాడు. రెండు చానెళ్ళకి డబ్బులు తీసుకున్నారు మీరు. ఆ రెండో కుర్చీలో మనిషి కూర్చుని ఉంటుంది నా ఇంట్లో.

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళమన్నారు, సరే అన్నా. వడపళని మెట్రోలో ఎక్కి, ఆలందూరులో మారి, గిండీలో దిగి, మే నెల ఎండలో ఆ పెట్టెని చంటిబిడ్డలా పట్టుకుని వెళ్ళా. కండెన్సర్ మైకు కూడా తెమ్మంటారా అని ముందే ఫోన్‌లో అడిగితే అక్కర్లేదు, మా దగ్గర అన్నీ ఉంటాయి అన్నారు. అక్కడ కుర్రాడు ఏం చేశాడో మీరు కళ్ళతో చూసుంటే బావుండేది. డ్రాయర్ లాగి, జాలీ సొట్టపోయిన స్టేజీ మైకు ఒకటి తీసి, రెండో చానెల్లో గుచ్చి, "హలో హలో మైక్ టెస్టింగ్" అన్నాడు. వినిపించింది. వినిపించక ఏమవుతుంది, అది డైనమిక్ మైకు, ప్రీయాంప్ నుంచి కేబుల్లోనే మైకుకి వెళ్ళే 48 వోల్టుల కరెంటు, ఫాంటమ్ పవర్ అంటారు, దానితో ఆ మైకుకి పనే లేదు. కండెన్సర్ బతికేదే ఆ కరెంటు మీద. నా అనుమానమంతా ఆ కరెంటు మీదే అని, కండెన్సర్‌తో పెట్టి అరగంట ఉంచితేగాని తెలీదని చెప్తూనే ఉన్నా, అతను అప్పటికే "టెస్టెడ్ ఓకే" స్టిక్కరు పీకి పెట్టె మీద అంటించేశాడు. "సౌండ్ వస్తోంది కదా మేడం" అన్నాడు. నా వైపు చూడను కూడా చూడలేదు. నేను మెట్రో స్టేషన్‌కి నడిచి వచ్చేలోపే ఫోన్‌కి మెసేజ్, మీ సమస్య పరిష్కారమైంది, కస్టమర్ సంతృప్తి చెందారు, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని. ఎవరు చెందారండీ సంతృప్తి? నన్ను అడిగిందెవరు?

ఇలా నాలుగుసార్లు మూసేశారు. తెరిచిన ప్రతిసారీ కొత్త నెంబరు, కొత్త మనిషి, మళ్ళీ "కేబుల్ మార్చి చూడండి".

చివరికి ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్ళా, ఈసారి మైకులతో సహా. ఒక చిన్న షాపులో పెద్దాయన, ఆయనకి తెలుగు రాదు, నా తమిళం అంతంతమాత్రం, అయినా నేను చెప్పేది మొత్తం విన్నాడు. పెట్టె మూత విప్పనివ్వలేదు నేను, వారంటీ పోయిందంటారని. కేబుల్‌కి మైకు వైపున్న ప్లగ్గు తొడుగు మాత్రం వెనక్కి లాగి, మీటరు నల్ల వైరు ఒకటో పిన్ను మీద, ఎర్రది రెండో పిన్ను మీద పెట్టాడు. మైకు లేకుండా చూస్తే రెండు చానెళ్ళలోనూ 48 వోల్టుల దగ్గరే ఉంది. మైకు తగిలించాక ఒకటో చానెల్లో 39 దగ్గర నిలబడింది, రెండోదాంట్లో 16కి పడిపోయి, అక్కడా ఆగకుండా కిందకీ పైకీ ఊగుతోంది. మైకు కరెంటు లాగితే కొంత తగ్గడం మామూలేనమ్మా, ఇంత తగ్గకూడదు, లోపల ఆ చానెల్‌కి కరెంటు పంపే రెసిస్టర్ పోయుండాలి అన్నాడు. పది నిమిషాలు పట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు. ఫోటోలు తీసి మీకు పంపా, "బయటి టెక్నీషియన్ రిపోర్టులు స్వీకరించం" అని ఒక లైను వచ్చింది. సరే, స్వీకరించొద్దు, మీరైనా ఆ రెండు పిన్నుల మీద మీటరు పెట్టి చూడొచ్చు కదా!

2020 లాక్‌డౌన్‌లో స్టూడియోలు మూసేసినప్పుడు మొదటి యూఎస్బీ మైకు మీ దగ్గరే కొన్నా. ఆ తర్వాత హెడ్‌ఫోన్, స్టాండు, పాప్ ఫిల్టర్, కేబుళ్ళు, అన్నీ మీ దగ్గరే. డబ్బింగ్‌లో నా వెనక వచ్చిన నలుగురు పిల్లల్ని మీ దగ్గరికే పంపించా, అక్కా ఎక్కడ కొనాలి అంటే ఇంకో పేరు చెప్పలేదు. మొన్న ఒకమ్మాయి మళ్ళీ అదే అడిగితే నోరు రాలేదు నాకు. ఒప్పుకున్న కథ గడువు దాటిపోయింది, ఆ పని వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది, అది మీరు తిరిగి ఇవ్వలేరు.

నాకేం కావాలంటే, ముందు ఒక మనిషి ఫోన్ చెయ్యాలి, నా పాత కంప్లైంట్లు నాలుగూ చదివి చెయ్యాలి. ప్రీయాంప్ మార్చి కొత్తది ఇవ్వాలి. లేదా మైకులతో సహా అన్నీ వెనక్కి తీసుకుని 52,000 ఇచ్చెయ్యండి. ఆ "కస్టమర్ సంతృప్తి చెందారు" అన్న మాట కూడా మీ రికార్డులోంచి తీసెయ్యాలి, అది అబద్ధం. వారం చూస్తాను. తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తా. 2019 చట్టం ప్రకారం నేనుండే ఊళ్ళోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. బిల్లు, మీ మెసేజ్‌లు, మీటరు ఫోటోలు, ఆ స్టిక్కరు, అన్నీ దాచిపెట్టా.

ఫోన్ నా రిజిస్టర్డ్ నెంబరుకే చెయ్యండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా స్టూడియోలో ఉంటా, తియ్యలేను. సరిగ్గా ఆ టైంలో చేసి "కస్టమర్ ఫోన్ ఎత్తలేదు" అని రాసి ఐదోసారి మూసెయ్యకండి.

ఇట్లు,
మీ కస్టమర్, సాలిగ్రామం, చెన్నై