పంప్ సెట్ల కొరత: వార్డు ఇన్‌చార్జ్‌లందరికీ

అందరికీ నమస్తే.

కొత్త లాట్ ఇన్ఫ్యూజన్ పంప్ సెట్లు (మందుని లెక్కగా ఎక్కించే పంపుకి తగిలించే ట్యూబులు) సిలికాన్ ట్యూబు అతుకు దగ్గర కారుతున్నాయి. గాలి చేరి పంపు అలారం మాటిమాటికీ మోగుతోంది. అలారం నొక్కేసి మళ్ళీ నడపొద్దు. పేషెంట్ వైపు క్లాంపు మూసి సెట్టు మార్చండి.

ఈరోజు సాయంత్రం 4 లోపు: ఆ లాట్ సెట్లు లెక్కపెట్టి, అట్టపెట్టె మీద ‘వాడొద్దు’ అని రాసి స్టోర్‌కి పంపండి. వాడినవి విడిగా జిప్ కవర్లో. దయచేసి ఎర్ర కవర్లో పడేయకండి, చెత్తలో పోతే మెటీరియోవిజిలెన్స్‌కి (వైద్య పరికరాల లోపాలు నమోదు చేసే వ్యవస్థ) రిపోర్టు రాయడానికి చేతిలో ఏమీ మిగలదు!

స్టాక్ వచ్చేదాకా మంచి సెట్లు నారడ్రినలిన్, ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం ఎక్కేవాళ్ళకి, పిల్లల వార్డుకి మాత్రమే.

మిగతా సెలైన్లకి పంపు లేకుండా చుక్కల లెక్కే. మైక్రో సెట్‌లో 60 చుక్కలు 1 ఎంఎల్, అంటే గంటకి ఎన్ని ఎంఎల్లో నిమిషానికి అన్ని చుక్కలు. 20 చుక్కలు 1 ఎంఎల్ అయ్యే మాక్రో సెట్ అయితే గంటకి ఎంఎల్‌ని 3తో భాగించండి: గంటకి 100 ఎంఎల్ అంటే నిమిషానికి 33. చెయ్యి మడిస్తే వేగం మారిపోతుంది, గంటకోసారి మళ్ళీ చూడాలి.

ఆపకుండా నడిచే మామూలు ఫ్లూయిడ్ల సెట్లు రోజూ మార్చక్కర్లేదు, 96 గంటలు ఉంచొచ్చు. రక్తం, లిపిడ్, ప్రొపోఫాల్‌కి ఇది వర్తించదు.

నైట్ వాళ్ళకి హ్యాండోవర్‌లో చెప్పడం మర్చిపోకండి. చూసినవాళ్ళు వార్డు పేరు, సెట్ల లెక్క ఇక్కడే పెట్టండి.