స్టెంటు వేశాక నడక సంగతి కూడా చెప్పి పంపండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మా నాన్నగారికి పోయిన ఏడాది గుండెపోటు వస్తే స్టెంటు వేసి ప్రాణం నిలబెట్టారు, ఆ డాక్టర్లకి రుణపడి ఉంటాం. కానీ డిశ్చార్జి కాగితంలో మందులున్నాయి, ఉప్పు నూనె తగ్గించమని ఉంది, ఎక్సర్‌సైజు ఊసే లేదు, రెస్ట్ తీసుకోండి అని ఒక్క ముక్క రాశారంతే. అది చూశాక ఏ ఇంట్లోనైనా ఏం చేస్తారు, చుట్టాలొచ్చి మంచం దిగనివ్వలేదు, కొన్నాళ్ళకి ఆయనకి లేచి నిలబడాలన్నా భయం పట్టుకుంది.

తర్వాత వేరే డాక్టరు గారు కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. ముందు ఇంట్లోనే, మెట్లు లేనిచోట 5 నిమిషాల నడక రోజుకి రెండు మూడు సార్లు, ఇబ్బంది లేకపోతే మెల్లగా పెంచుకుంటూ 30 నిమిషాల దాకా వెళ్ళాలి. మొదలెట్టేటప్పుడూ ఆపేటప్పుడూ నిదానంగానే, టక్కున ఆగితే బీపీ పడిపోయి కళ్ళు తిరగొచ్చు. నడుస్తూ మాట్లాడగలగాలి, మాట ఆగిపోతుంటే స్పీడు ఎక్కువైనట్టే. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకి పల్స్ అంతగా పెరగదు కాబట్టి వాచీలో నంబరు తక్కువుందని ఇంకా జోరు పెంచకూడదు, ఇది చాలామందికి తెలీదు. తిన్న వెంటనే వద్దు, ఎండలో వద్దు, ఊపిరి బిగబట్టి బరువులు ఎత్తనే వద్దు. గుండెల్లో నొప్పొస్తే ఆపేసి కూర్చుని డాక్టరు రాసిచ్చిన నాలుక కింద మాత్ర పెట్టుకోవాలి, 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి, బండి మీద ఎక్కించుకుని పోవద్దు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం అండి, నడకకి పంపేవాళ్ళు ఉండరు గానీ ఇంటికొచ్చిన వారానికే నిండు బిందెలు, తడిబట్టల బకెట్లు మోస్తుంటారు, అది ఎక్సర్‌సైజు కాదు, ఆ టైంలో ప్రమాదం.

దీనికి జిమ్ములూ మిషన్లూ అక్కర్లేదు. మనదేశంలోనే 24 ఆస్పత్రుల్లో దాదాపు 4 వేలమంది గుండెపోటు పేషెంట్లతో యోగా మీద పెద్ద స్టడీ చేసి 2020లో ప్రచురించారు, మరణాలు తగ్గాయని గట్టిగా తేలలేదు గానీ యోగా చేసినవాళ్ళు ఆరోగ్యం బాగుందని చెప్పారు, పాత పనుల్లోకి బాగా తిరిగెళ్ళగలిగారు.

ఆరోగ్యశ్రీలో, ఎన్టీఆర్ వైద్య సేవలో స్టెంటుకి డబ్బులిస్తున్న ప్రభుత్వాలు అదే ప్యాకేజీలో ఫిజియోథెరపిస్టుతో ఒక గంట, తెలుగులో ఒక కాగితం, నెలరోజులపాటు వారానికో ఫోను కూడా కలపాలి. ప్రైవేటు ఆస్పత్రులకి కూడా ఈ రూలు పెట్టాలని మీ పేపరు ద్వారా రెండు రాష్ట్రాల ఆరోగ్య మంత్రుల్ని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, గుంటూరు