తోతాపురి రేటు బొమ్మ

లండన్,
ఆదివారం

చిన్నోడికి,

అర్జీతో పాటు ఇవ్వడానికి తోతాపురి మామిడి రేటు మీద నువ్వు గీసిన చార్టు ఫోటో చూశాను. శ్రద్ధగా గీశావు. కానీ అలాగే తీసుకుని చిత్తూరు కలెక్టరాఫీసుకు పోవద్దు రా.

పోయినేడు మనకు కిలోకు 8 రూపాయలొచ్చింది, ఈ ఏడు 6. అంటే నాలుగో వంతు తగ్గింది. నువ్వు కొలతను సున్నా దగ్గర కాకుండా 5 దగ్గర మొదలుపెట్టావు. దాంతో మొదటి కమ్మీ మూడు గళ్లు, రెండోది ఒక్క గడి. చూసేవాళ్లకు రేటు మూడో వంతుకు పడిపోయినట్టుంది. కమ్మీకి పొడుగే లెక్క. అడుగు కోసేస్తే లెక్క మారిపోతుంది.

రెండో పేజీలో మామిడికాయలు గీశావు కదా, అక్కడా అంతే. రేటు తగ్గిందని ఈ ఏటి కాయ ఎత్తు ముప్పావు చేసేసరికి వెడల్పు కూడా ముప్పావు అయింది. కాయ సగానికి కాస్త ఎక్కువే మిగిలింది. కన్ను చూసేది మొత్తం కాయనే.

మన నష్టం నిజం. ఎవరైనా స్కేలు పెట్టి కొలిచారంటే నాయన రాసిన నిజమైన అంకెల్ని కూడా నమ్మరు. నా భయం అదే.

మొన్న ఇక్కడ సోహోలో బ్రాడ్‌విక్ వీధికి వెళ్లాను. 1854లో అక్కడ కలరా వస్తే జాన్ స్నో అనే డాక్టరు మ్యాపు వేయించాడు. ఏ ఇంట్లో ఎంతమంది పోయారో ఆ ఇంటి దగ్గర అన్ని నల్ల గీతలు. మనిషికొక గీత, అంతే. అవి చాలావరకు ఒక చేతిపంపు చుట్టూ గుమిగూడి కనిపిస్తాయి. ఆ నీళ్లే కారణమని ఆయన చెబితే ఆ పంపు పిడి తీసేశారు. అయినా రోగం దానివల్లే తగ్గిందని చెప్పుకోలేదు. జనం వీధి వదిలి పోవడంతో అప్పటికే తగ్గుతూ వచ్చిందని తనే రాశాడు. అక్కడ నిలబడితే నీ చార్టే గుర్తొచ్చింది.

రెండేళ్లు చాలవు. నాయన నోటుబుక్కులో ఉన్న అన్ని ఏళ్ల రేట్లూ ఒక గీతగా గియ్యి, రేటు పెరిగిన ఏళ్లు కూడా. కోత కూలి, ట్రాక్టరు బాడుగ కలిపి కిలోకు ఎంత పడిందో ఇంకో గీతగా, అదే కొలత మీద గియ్యి. మనకు మిగిలేది ఆ రెండు గీతల మధ్యే కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ వాడొద్దు, పెదనాయనకు ఆ రెండూ ఒకటిగానే కనిపిస్తాయి కదా. గీత పక్కనే పేరు రాసెయ్యి. ఏ ఏడాది లెక్క దొరక్కపోతే అక్కడ ఖాళీ వదులు, ఊహించి కలపకు.

నోటుబుక్కు పేజీలు ఫోటోలు తీసి ఈ రాత్రికే పంపు. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో కూడా రాయి.

మీ అక్క